మట్టి ఫోన్ల కొట్టు

మన ఇల్లు, మూడో అంతస్తు
జూన్ 3

చిట్టిపిడుగుకు,

ముందు నీ లెక్క దిద్దుతాను, ఆశీర్వాదం ఆ తరవాత. మట్టి కాలితే నూటికి పన్నెండు వంతులు కుంచించుకుపోతుందనీ, అందుకని అచ్చు తీసే వస్తువు పన్నెండు శాతం పెద్దదైతే చాలనీ రాశావు. చాలదు. వందను నూట పన్నెండు చేసి, అందులోంచి పన్నెండు శాతం తీసేసి చూడు. తొంభై ఎనిమిదిన్నరే మిగులుతుంది. తగ్గేది పెద్ద సంఖ్యలోంచి తగ్గుతుంది కదే! కావలసిన కొలతను పాయింటు ఎనిమిది ఎనిమిదితో భాగించాలి. ముప్ఫై నాలుగేళ్ళు ఊళ్ళో పిల్లలందరికీ శాతాలు నూరిపోశాను. దీపం కింద చీకటి అంటే ఇదే కాబోలు.

మామూలు ఫోను పొడవు నూట నలభై ఏడు మిల్లీమీటర్లన్నావు. కాల్చాక అంత రావాలంటే అచ్చుకు నూట అరవై ఏడు పొడవున్నది కావాలి. రాసి పెట్టుకో.

ఇక ఆశీర్వాదం: నీ మట్టికి పగుళ్ళు రాకుండుగాక. నీ బుద్ధికి వస్తే రానీ, కాస్త గాలి ఆడుతుంది.

ఇంటి సంగతులు. నువ్వు బయల్దేరే రోజు భోజనాల బల్ల దగ్గర అన్న మాట ఇంకా ఆ బల్ల మీదే ఉంది, ఎవరూ తుడవలేదు. "అక్కర్లేని వస్తువులు అంటగట్టడం కూడా ఒక ఉద్యోగమేనా?" అన్నావు. సెల్‌ఫోన్ షోరూం కౌంటర్లో పద్దెనిమిదేళ్ళుగా పనిచేస్తున్న మనిషితో! అదీ అన్నం వడ్డిస్తున్నప్పుడు! మీ నాన్న ఎప్పట్లాగే ఇద్దరి వైపూ తల ఊపి, పేపరు అడ్డం పెట్టుకున్నాడు. ఆనాటి నుంచి మీ అమ్మ నీ పేరెత్తదు. నువ్వు ఫోను డబ్బాలో పెట్టి తాళం వేయించావనీ, నాలుగు నెలలు ఉత్తరాలే రాస్తావనీ చెబితే మాత్రం, "హోటలు వాడి కూతురు హోటలు ముందే నిరాహారదీక్షకి కూర్చుందన్నమాట" అంది. మాట బాగుంది. నేను అన్నట్టుగా ఎక్కడైనా వాడుకుంటాను.

ఒకటి చెప్పనా? నీ కవరు వచ్చిన రోజు నేను చదువుతున్నంతసేపూ అది అదే అలమరాను మూడుసార్లు తుడిచింది.

అమ్మమ్మ


మట్టి షెడ్డు
జూన్ 10

అమ్మమ్మా,

సున్నా మార్కులు ఒప్పుకుంటున్నాను. బట్టీ అక్క (ఈ షెడ్డు ఆవిడదే, బట్టీ కూడా ఆవిడదే కాబట్టి అందరూ అలాగే పిలుస్తారు) నీ ఉత్తరం చదివి, భాగహారం ఉన్న పేజీని గోడకు అంటించింది. "ఇరవయ్యేళ్ళుగా నా మూతలు కుండలకెందుకు పట్టడం లేదో ఇప్పుడు తెలిసింది" అంది. ఇక్కడ నీకు పేరొచ్చింది.

నేనేం చేస్తున్నానో సరిగ్గా చెప్పలేదు కదా. బజారులో మూతబడిన బట్టల కొట్టు ఒకటి ఆగస్టు చివర్లో రెండు వారాలు వాడుకోమని ఇచ్చారు. దాన్ని అచ్చం సెల్‌ఫోన్ షోరూంలా తయారుచేస్తాను. అద్దాల బల్లలు, దీపాలు, ధరల చీటీలు, అన్నీ. కానీ ఫోన్లు, ఛార్జర్లు, డబ్బాలు మొత్తం కాల్చిన మట్టివి. రెండేళ్ళకు పారేసే వస్తువును పదివేల ఏళ్ళు చెడని దానితో చేయడం, అదీ సంగతి. మట్టి పని మొదలుపెట్టాక ఇది నా మొదటి ప్రదర్శన. సరిగ్గా రాకపోతే మళ్ళీ ప్యాకింగు డబ్బాల మీద బొమ్మలు వేసే ఉద్యోగానికే పోవాలి.

నలభై దాకా చేత్తో చేశాను. మిగిలిన నలభై అచ్చులో పోయాలి. దానికి నీ నూట అరవై ఏడు మిల్లీమీటర్లది ఒకటి కావాలి. షోరూముల్లో డమ్మీలుంటాయి చూడు, చూడ్డానికి అసలు ఫోన్లలాగే ఉండి లోపల ఏమీ లేనివి. మోడల్ పాతబడితే వాటిని విరగ్గొట్టి పారేయాలని అమ్మ అప్పుడప్పుడు సంచిలో ఇంటికి తెస్తుంది. అందులో పెద్దదొకటి పంపుతావా? అమ్మను అడిగే తీసుకో. నాకని చెప్పినా సరే. ఆరోజు అన్న మాటకు నాకూ బాగాలేదు. కాకపోతే ఆ మాటలో సగం ఇప్పటికీ నిజమే అనిపిస్తుంది, అందుకే క్షమాపణ ఎలా రాయాలో తెలియడం లేదు.

అమ్మ ఏ అలమరా తుడిచింది?

నీ పిడుగు


మన ఇల్లు
జూన్ 17

సగం నిజం చెప్పే పిడుగుకు,

పుస్తకాల అలమరా. దుమ్ము లేదు.

పార్సిల్ దీనితోపాటే వస్తుంది. సంచిలో తొమ్మిది ఫోన్లున్నాయి. స్కేలు పెట్టి ఒక్కొక్కటే కొలిచాను. ఎనిమిది పొట్టివి. ఒక్కటి మాత్రం సరిగ్గా నూట అరవై ఏడు, వెంట్రుకవాసి తేడా లేదు! లెక్క ప్రకారం కావలసిన వస్తువు లెక్క ప్రకారమే దొరికితే కలిగే ఆనందం నీకు తెలియదు, నీకు మార్కులు తక్కువ. పాత స్వెట్టరు చేతిలో చుట్టి పెట్టాను. స్వెట్టరు చెయ్యి తిరిగి పంపనక్కర్లేదు, రెండోది ఎప్పుడో పోయింది.

మీ అమ్మ ఏమీ అనలేదు.

నీ పదివేల ఏళ్ళ సంగతి ఆలోచించాను. రేపెప్పుడో తవ్వకాల వాళ్ళు నీ కొట్టును బయటికి తీస్తారు. అరచేతంత పలకలు, ఎనభై. ఇదేదో దేవుడై ఉంటాడని రాసుకుంటారు. "ప్రజలు దీన్ని నిద్ర లేవగానే దర్శించేవారు, చేత పట్టుకుని తల వంచుకు నడిచేవారు" అని పెద్ద గ్రంథం వేస్తారు. అందులో ఒక్క తప్పు కూడా ఉండదు.

నేను మాత్రం నా ఫోను వాడతాను. నాకు కళ రాదు.

అమ్మమ్మ


మట్టి షెడ్డు
జూన్ 24

అమ్మమ్మా!

అది డమ్మీ కాదు!

వరసగా చెబుతాను. మెత్తటి మట్టి పరిచి, నీ ఫోనును సగం దాకా అందులో కూర్చోబెట్టి, అంచులు బొటనవేళ్ళతో గట్టిగా నొక్కాను. పైన సబ్బు రాసి, చుట్టూ చెక్కలు పెట్టి, ప్లాస్టర్ కలిపి పోశాను. ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది, అరగంట కదపకూడదు. నేనూ బట్టీ అక్కా పక్కన నిలబడి టీ తాగుతున్నాం. ఉన్నట్టుండి ప్లాస్టర్ ముద్ద మాట్లాడింది.

"నమస్కారం. నన్ను చేతిలోకి తీసుకోండి. నాలో కొత్తగా ఏముందో చూపిస్తాను."

బట్టీ అక్కకు దయ్యాల మీద నమ్మకం లేదు. అయినా బల్లెక్కింది.

మూడు నిమిషాలాగి మళ్ళీ అదే మాట, అదే మర్యాద. అప్పుడు తెలిసింది. అది షోరూంలో జనం పట్టుకుని చూసేందుకు పెట్టే డెమో ఫోను, అసలుది. నేను అంచులు నొక్కినప్పుడు బటను పడి ఆన్ అయినట్టుంది. "తీసెయ్యి, తీసెయ్యి" అని అక్క బల్ల మీంచి కేకలు. గట్టిపడకముందు తీస్తే అచ్చు పోతుంది. ఆగితే ఫోను పోతుంది. నిజం చెప్పమంటావా? ఆగాను. అరగంటలో పదిసార్లు నమస్కారం పెట్టించుకున్నాను.

అచ్చు చాలా బాగా వచ్చింది. ఫోను బతికే ఉంది గానీ మాట వచ్చే రంధ్రాల్లో ప్లాస్టర్ దూరి గొంతు బొంగురుపోయింది.

అమ్మమ్మా, ఇది అమ్మ షోరూం వస్తువు. నువ్వు నిజంగా అడిగే తీశావా? అమ్మ తీయమందా?

భయంగా ఉంది.

నీ పిడుగు


మన ఇల్లు
జూలై 1

పిడుగుకు,

"మీ అమ్మ ఏమీ అనలేదు" అని రాశాను. నిద్రపోతున్న మనిషి ఏమీ అనదు. ఆదివారం మధ్యాహ్నం అది కునుకు తీస్తుంటే సంచి విప్పాను. అడిగితే నీ పేరు చెప్పాలి, చెబితే ఇవ్వదేమోననుకున్నాను. ఇదీ నా తప్పు, మొత్తం నాదే. నువ్వు అరగంట ఆగడం మాత్రం నీది. అది నా ఖాతాలో వేయకు.

నీ ఉత్తరం రాకముందే ఏదో జరిగిందని అనుమానించాను. వారం నుంచీ మీ అమ్మ నీలం యూనిఫాం మోచేతుల దగ్గర అట్టపెట్టెల పొడి ఉంటోంది. కౌంటర్లో ఉండే మనిషికి అట్టల పొడి ఎందుకంటుతుంది? అడిగితే "ఏదో సర్దుతున్నాంలే" అంది. నీ ఉత్తరం చదివాక రెండూ కలిపి చూశాను. సాయంత్రం అది రాగానే బల్ల దగ్గర కూర్చోబెట్టాను.

"అమ్మాయ్, ఆ ఫోను నేను తీశాను."

"ఏ ఫోను?"

"నువ్వు పోగొట్టుకున్నది."

"నీకెందుకమ్మా అది? ఉన్న ఫోనే సరిగ్గా ఎత్తవు!"

"డమ్మీ అనుకున్నాను. నీ కూతురికి పంపాను, అచ్చు తీసుకోడానికి."

అది నా వైపు తిరిగింది. "దాని వెనక ఎర్ర స్టిక్కరుంది కదా. సర్వీసుకి అని ఇంత లావు అక్షరాలతో!"

"నేను కొలత చూశాను. స్టిక్కరు చూడలేదు."

"ముప్ఫై నాలుగేళ్ళు పిల్లల మీద అరిచావు కదమ్మా, ప్రశ్న పూర్తిగా చదవండర్రా అని."

మీ నాన్న పేపరు దించి మరీ చూశాడు.

సంగతేమిటంటే, ఆ ఫోనును రిపేరుకు ఇచ్చి రమ్మని మీ అమ్మకు అప్పగించారు. డమ్మీల సంచిలోనే వేసి తెచ్చింది. సోమవారం చూస్తే లేదు. షోరూంలోనే ఎవరో తీశారనుకున్నారు. తోటివాళ్ళలో కొత్తగా చేరిన అమ్మాయి మీదికి అనుమానం పోబోతుంటే, మీ అమ్మ ముందుకొచ్చి "నా అజాగ్రత్త" అని కాగితం రాసిచ్చింది. విచారణ తేలేదాకా కౌంటర్లోంచి తీసి, నేలమాళిగలో స్టాకు గదికి పంపారు. డబ్బాలు పేరుస్తోంది. పద్దెనిమిదేళ్ళలో దాని చేతి మీదుగా సూది కూడా పోలేదు. ఇప్పుడు పోయింది, సొంత తల్లి పుణ్యమా అని.

తిట్టలేదు. తిడితే తేలిగ్గా ఉండేది. "ఆదివారం వెళ్ళి నేనే తెచ్చుకుంటాను. పోస్టులో వద్దు" అంది. నీ చిరునామా అడగలేదు. నోటికి వచ్చు.

షెడ్డు ఊడ్చి ఉంచు. వాదించకు.

అమ్మమ్మ


మట్టి షెడ్డు
జూలై 8

అమ్మమ్మా,

అమ్మ వచ్చింది. యూనిఫాంలోనే వచ్చింది, సెలవు రోజున! షోరూం తరఫున సరుకు జప్తు చేయడానికి వచ్చినట్టు.

"ఏదీ?" అంది. బాగున్నావా లేదు, ఏమీ లేదు. ఇచ్చాను. ఆన్ చేసి చెవి దగ్గర పెట్టుకుంది. అది బొంగురు గొంతుతో "నమస్కారం" అంది. అమ్మ జడలోంచి పిన్ను తీసి, కిటికీ దగ్గర వెలుతురులో నిలబడి ఒక్కొక్క రంధ్రం లోంచీ ప్లాస్టర్ గీకింది. పావుగంట. నేను ఊడ్చిన షెడ్డునే మళ్ళీ ఊడ్చాను. అలమరా సంగతి అప్పుడర్థమైంది.

తరవాత షెల్ఫు మీది తడిగుడ్డ తొలగించి, ఆరిపోకుండా ఉంచిన నా ఫోన్ల వైపు చూసింది. చేత్తో చేసిన నలభై.

"దీనికి కెమెరా ఎడమ పక్కన కదా ఉండాలి?"

"అమ్మా, అది కళ."

"కళైతే కుడి ఎడమలుండవా?"

బట్టీ అక్క నవ్వు ఆపుకోలేక బయటికెళ్ళిపోయింది. వాదించకు అన్నావు కాబట్టి నోరు మూసుకున్నాను. అమ్మ వరసంతా చూసుకుంటూ పోయింది. ఈ మోడల్‌కి బటను కింద ఉండాలి, ఇది అసలు మార్కెట్లోకే రాలేదు, ఇది వచ్చింది గానీ వేడెక్కుతోందని వెనక్కి తీసుకున్నారు. నలభైలో పదకొండు తప్పులు పట్టింది. నువ్వూ అమ్మా ఒకే బడిలో పుట్టారు.

చివర ఒకటి చేతిలోకి తీసుకుని అంది: "అన్నీ కొత్తవిలా ఉన్నాయే. ఎవరూ వాడినట్టు లేవు."

"కొంటూనే ఉంటారు కదా, అందుకని..."

"కొనడమొక్కటే చూశావు. పాతది ఇచ్చేటప్పుడు చూడాలి. మార్పిడికి తెస్తారు కదా, కౌంటర్ మీద పెట్టే ముందు ఒకసారి తుడుస్తారు. చొక్కా అంచుతోనో, రుమాలుతోనో. ఎవరూ తుడవమనరు. తుడిచినా తుడవకపోయినా ధర ఒకటే. అయినా తుడుస్తారు. ఆ ఒక్క నిమిషం నేను బిల్లు పుస్తకంలో ఏదో వెతుకుతున్నట్టు పక్కకి చూస్తాను."

రెండు నెలలుగా జనం గురించి పెద్దపెద్ద మాటలు అనుకుంటున్నాను గానీ, అమ్మ పద్దెనిమిదేళ్ళుగా వాళ్ళకు ఎదురుగా ఉందన్నది నాకు తట్టనే లేదు.

"అమ్మా, ఆరోజు నేనన్నది తప్పు" అన్నాను.

"సగం నిజమేలే. పోయిన నెల ఒక పెద్దాయనకి అక్కర్లేని మోడల్ నేనే అంటగట్టాను. మిగతా సగం మాత్రం నోటిదురద. బస్సుకి టైమైంది."

అంది గానీ వెళ్ళలేదు. "ఇది ఇంకా పచ్చిగా ఉందా?" అని అడిగింది. ఉందన్నాను. యూనిఫాం అంచు పట్టుకుని ఆ మట్టి ఫోనును ఒక్కసారి తుడిచింది. మెత్తటి మట్టి మీద బట్ట అల్లిక గుర్తు, బొటనవేలు జారిన గుర్తు పడ్డాయి. నా నలభై రోజుల పనిలో లేనిదేదో దానికి వచ్చేసింది. అమ్మ కూడా చూసింది. ఇంకోటి తీసుకుంది. నలభైకి నలభై తుడిచింది అమ్మమ్మా! రెండు బస్సులు వెళ్ళిపోయాయి. మూడోదానికి యూనిఫాం నిండా మట్టితో ఎక్కింది.

ఆగస్టు ఇరవైన కొట్టు తెరుస్తాం. ఆహ్వానం ఇందులో పెడుతున్నాను, అమ్మకివ్వు. ముఖ్య అతిథిగా రమ్మను. అమ్మ రాకపోతే తెరవబుద్ధి కాదు. ముందు షోరూంలో అమ్మ సంగతేమైందో రాయి. అన్నింటికన్నా అదే భయంగా ఉంది.

నీ పిడుగు


మన ఇల్లు
జూలై 15

పిడుగుకు,

భయం తీసి గట్టున పెట్టు. సోమవారం మీ అమ్మ ఆ ఫోను తీసుకెళ్ళి యజమాని బల్ల మీద పెట్టి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన చివరిదాకా విని, కాగితం చింపేసి, "మీ అమ్మగారు మన షోరూం వైపు రాకుండా మాత్రం చూసుకోండి" అన్నాడట. అంతే శిక్ష. ఆ అమ్మాయి మీద ఇంకెవరికీ అనుమానం లేదు. మీ అమ్మ మళ్ళీ కౌంటర్లో ఉంది. ఫోనును రిపేరు చేయించి ఎప్పటి చోటే పెట్టారు, బొంగురు మాత్రం పోలేదు. జలుబు చేసిన ఫోను అని జనం ఆగి మరీ వింటున్నారట, ఆ మోడలే ఎక్కువ పోతోందట. దీని మీద నువ్వు ఇంకో ప్రదర్శన పెట్టుకోవచ్చు.

ఆహ్వానం ఇచ్చాను. రెండుసార్లు చదివింది. "ముఖ్య అతిథా? మూల నిలబడి దండ వేయించుకునే దానిలా ఉన్నానా?" అంది. ఆహ్వానం చేత్తోనే వంటగదిలోకి వెళ్ళింది. గంట తరవాత వంటగదిలోంచి గొంతు వినిపించింది, కౌంటర్ గొంతు, మనతో ఎప్పుడూ వాడనిది.

"ఈ మోడల్‌కి ఛార్జింగ్ అక్కర్లేదండీ. అప్‌డేట్లు రావు. నోటిఫికేషన్లు అసలే రావు. కింద పడితే మాత్రం మా పూచీ లేదు. పడకపోతే మీ మునిమనవడు కూడా వాడుకోవచ్చు."

"దేనికి?" అని గుమ్మంలోంచి అడిగాను.

"కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకోడానికి మేడమ్. ప్యాక్ చేయమంటారా?"

నవ్వీ నవ్వీ నాకు పొలమారింది. నీ కొట్టులో రోజూ సాయంత్రం కౌంటర్లో తనే ఉంటానంది. దానికి రెండు వారాలు సెలవు కూడా పెట్టింది. కాకపోతే ఒక షరతు. అది చెప్పినప్పుడు మాత్రం నవ్వలేదు.

"మా షోరూంలో కౌంటర్ వెనక కుర్చీ ఉండదమ్మా. మేం కూర్చుంటే వచ్చినవాళ్ళకి మర్యాద కాదట. పద్దెనిమిదేళ్ళుగా నిలబడే అమ్మాను. దాని కొట్టులో అమ్ముతాను గానీ కూర్చుని అమ్ముతాను. సరేనంటేనే వస్తానని రాయి."

నాకు తెలియదే, పిల్లా. ఒకే ఇంట్లో ఉంటూ తెలియదు. సాయంత్రం వచ్చి, పైకెక్కకుండా కింది మెట్టు మీద పది నిమిషాలు కూర్చుంటుంటే గాలి కోసమనుకున్నాను.

కాబట్టి ఈ ఉత్తరం అందగానే చేతులు కడుక్కుని బయల్దేరు. వాడిన సామాన్లు అమ్మే కొట్టుకు వెళ్ళు, కొత్తది వద్దు. వీపుకు ఆసరా ఉన్న చెక్క కుర్చీ చూడు. చక్రాలది వద్దు, మడత కుర్చీ అసలే వద్దు. ముందు నీ కౌంటర్ ఎత్తు కొలుచుకుని వెళ్ళు. కూర్చునే పలక దానికన్నా పది అంగుళాలు కిందికుండాలి. కాళ్ళు వేలాడితే కింద పీట వెయ్యి. నాలుగు కాళ్ళకూ రబ్బరు తొడుగులు తీసుకో, నున్నటి నేల మీద జారుతుంది. తెచ్చాక అరగంట దాని మీద కూర్చుని చూడు. నడుం నొప్పి పుడితే వెనక్కిచ్చి ఇంకోటి తే.

అమ్మమ్మ